అలసిన మనసుతో ఆట – 3వ పాఠం: సర్వీసుకు ముందు పాట

గత పాఠంలో బ్యాడ్మింటన్ షార్ట్ సర్వీసును, అంటే షటిల్‌ను నెట్‌కు కాస్త పైనుంచి పంపి అవతల దగ్గరగానే పడేలా చేసే సర్వీసును, విశ్రాంతిగా ఉన్న రోజున సాధన చేసి, ఇరవైలో ఎన్ని సరిగా పడ్డాయో రాసుకున్నారు. ఈసారి అదే సర్వీసును, పొద్దస్తమానం పరీక్షలకు చదివిన రోజునో, లెక్కలు సరిచూసిన రోజునో చేయాలి.

మనసు అలసిపోవడమూ కండరాలు అలసిపోవడమూ ఒకటి కాదు. 2009లో మార్కోరా అనే పరిశోధకుడి బృందం కొందరి చేత 90 నిమిషాలు ఏకాగ్రత కోరే పని చేయించి, ఆపైన సైకిలు తొక్కించింది. గుండె, ఊపిరితిత్తుల పనితీరులో చెప్పుకోదగ్గ తేడా లేకపోయినా, అదే శ్రమ వారికి మరింత కష్టంగా తోచి, త్వరగా ఆపేశారు. 2016లో వెలువడిన ఫుట్‌బాల్ పరిశోధనలో 30 నిమిషాల స్ట్రూప్ పరీక్ష, అంటే ‘ఎరుపు’ అనే మాటను నీలి సిరాతో చూపించి సిరా రంగు చెప్పమనే పని, ముగిశాక పాసుల్లో తప్పులు పెరిగాయి, షాట్ల గురి కూడా తగ్గింది.

కాబట్టి ఇక్కడ చిక్కులు రెండు: శ్రమ భారంగా తోచడం, గురి చెదరడం. నచ్చిన పాట ఉత్సాహాన్ని పెంచి, ఓ మోస్తరు వ్యాయామంలో శ్రమ తక్కువగా అనిపించేలా చేస్తుంది గనుక మొదటిదానికి అది మంచి విరుగుడు. రెండవదానికి అంత భరోసా ఇవ్వలేను. షార్ట్ సర్వీసుకు బలం కన్నా వేళ్ల పట్టు ముఖ్యం. ఉత్సాహం మితిమీరితే షటిల్ నెట్‌పైన ఎత్తుగా లేచి ప్రత్యర్థికి అప్పనంగా దొరుకుతుంది. పైగా చెవుల్లో ఇయర్‌ఫోన్లుంటే రాకెట్‌కు షటిల్ తగిలిన చప్పుడు వినబడదు, అది వినకుండా దెబ్బ ఎలా తగిలిందో పోల్చుకోవడం కష్టం. అందుకే పాట కోర్టు బయట, వార్మప్‌లోనే వినండి.

వార్మప్‌కు నిమిషానికి 120 నుంచి 140 దెబ్బల నడక గల పాట సరిపోతుంది. 15 సెకన్లపాటు కాలితో తాళం వేస్తే 30 నుంచి 35 దెబ్బలు రావాలి. సాహిత్యం వెంట మనసు పోయే పాటకన్నా వాద్య సంగీతం మేలని నా అభిప్రాయం. పది నిమిషాలు విని, ఆపి, రెండు నిమిషాలు నిశ్శబ్దంగా షాడో సర్వీసులు (షటిల్ లేకుండా ఉత్తి కదలికలు) చేశాక కోర్టులోకి వెళ్లండి.

నెట్‌కు జానెడు ఎత్తున దారం కట్టండి. షటిల్ నెట్‌కూ దారానికీ మధ్యగా వెళ్లి, నెట్‌కు 1.98 మీటర్ల దూరంలోని షార్ట్ సర్వీస్ గీత దాటీ దాటగానే పడితేనే లెక్కలోకి తీసుకోండి. అలసిన ఒక సాయంత్రం పాట విని, మరో సాయంత్రం వినకుండా, ఇరవై చొప్పున వేయండి. వారం తరువాత వరుస మార్చి మళ్లీ చేయండి, లేకుంటే సాధన వల్ల వచ్చిన మెరుగును పాట ఖాతాలో వేసుకుంటారు. అంకెతోపాటు ఎంత కష్టంగా అనిపించిందో పదికి మార్కులు వేసి రాయండి. కష్టం తగ్గి గురి అలాగే ఉంటే ఆశ్చర్యపోవద్దు. సర్వీసు రిటర్న్‌ను తీసుకునే నాలుగవ పాఠానికి ఈ రెండు అంకెలూ కావాలి.