సెషన్ పాఠాలు – 4: విలువ మార్చాం, మరి మారలేదేం?

పోయిన భాగంలో సెషన్‌లో (పేజీ మారినా ఒక్కో యూజర్ వివరాలు గుర్తుండేలా సర్వర్ దాచుకునే చోటు) విలువ పెట్టడం, తీయడం చూశాం కదా. ఈసారి అసలు తలనొప్పి: కోడ్‌లో విలువ మార్చాం, ఎర్రర్ ఏమీ రాలేదు, తర్వాతి పేజీ తెరిస్తే పాతదే కూర్చుని ఉంది. ఉదాహరణలన్నీ పీహెచ్‌పీలోనే.

ముందు కోడ్ జోలికి పోకండి. రెండు పేజీల్లోనూ సెషన్ ఐడీని (మీ సెషన్ ఏదో గుర్తుపట్టే కోడ్, బ్రౌజర్ దీన్ని కుకీలో దాచుకుని పేజీ తెరిచిన ప్రతిసారీ పంపుతుంది) ప్రింట్ చేసి చూడండి. వేరువేరుగా వస్తే మీ విలువ ఎక్కడికీ పోలేదు, మీరే వేరే సెషన్‌లో వెతుకుతున్నారు. ఒక పేజీని డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూతో, ఇంకోదాన్ని అది లేకుండా తెరిచి ఉంటారు, లేదంటే కుకీకి సెక్యూర్ (హెచ్‌టీటీపీఎస్‌లో మాత్రమే పంపమనే షరతు) పెట్టి సైట్‌ని మామూలు హెచ్‌టీటీపీలో నడుపుతుంటారు. సెషన్‌ని మొదలుపెట్టే సెషన్ స్టార్ట్ ఫంక్షన్ కంటే ముందే అవుట్‌పుట్ వెళ్లిపోయినా కుకీ అందదు, దీనికి ఫైల్ మొదట్లో కంటికి కనపడని 3 బైట్ల బీఓఎం (ఫైల్ ఎన్‌కోడింగ్‌ని తెలిపే గుర్తు) చాలు.

ఐడీ ఒకటే వచ్చిందా? అయితే తప్పు రాసే దగ్గరుంది, ఎక్కువమంది బోల్తా పడేదీ ఇక్కడే. సెషన్‌లో ఉన్న కార్ట్ అర్రేని వేరే వేరియబుల్‌లోకి తెచ్చుకుని, దానికి ఒక వస్తువు కలిపి, పనైపోయిందనుకుంటారు. పీహెచ్‌పీలో అలా తెచ్చుకున్న అర్రే కాపీ మాత్రమే. జెరాక్స్ మీద దిద్దితే అసలు కాగితం మారుతుందా? మార్చిన అర్రేని తిరిగి సెషన్‌లో పెట్టాలి, లేదా నేరుగా సెషన్ అర్రేలోనే మార్చాలి. ఫర్‌ఈచ్ లూప్‌లో ఐటమ్‌ని మార్చినా ఇదే కథ. (పైథాన్ ఫ్రేమ్‌వర్క్ జాంగోలో తిరకాసు ఇంకోలా ఉంటుంది: అక్కడ మీరు మార్చేది అసలు లిస్టునే, కానీ లోపలి మార్పుని సెషన్ గమనించదు, అందుకే మార్పు జరిగిందని చెప్పే సెషన్ మోడిఫైడ్‌ని ట్రూ చేయాలి.)

ఇంకొకటి, నా సాయంత్రం ఒకటి తినేసింది. పేజీలో ప్రింట్ చేస్తే కొత్త విలువే, రీలోడ్ చేస్తే పాతది! చూస్తే పైన ఎక్కడో ఇన్‌క్లూడ్ చేసిన ఫైల్‌లో సెషన్‌ని సేవ్ చేసి మూసేసే సెషన్ రైట్ క్లోజ్ ఫంక్షన్‌ని పిలిచి ఉంది. ఆ తర్వాత ఏం మార్చినా ఆ పేజీ మెమరీలోనే మారుతుంది, సేవ్ కాదు.

20, 30 నిమిషాలు వదిలేశాక విలువ మాయమైతే అది ఈ జబ్బు కాదు, గడువు సంగతి. డిఫాల్ట్ 1440 సెకన్లు, దాని గురించి 5వ భాగంలో. ఈలోపు కార్ట్ పేజీ ఒకటి రాసి, కావాలనే కాపీ తప్పు చేసి, ఐడీ ప్రింట్ చేసి చూడండి.