పట్టిక చూసి వర్గ సూత్రం రాబట్టడం

పట్టికలోని సంఖ్యల నుంచి వర్గ సూత్రం, అంటే ఎన్² ఉండే సూత్రం, రాబట్టడం పదో తరగతి పిల్లలకు చెప్పేటప్పుడు నేను బహుభుజి కర్ణాలతోనే (పక్కపక్కన లేని రెండు శీర్షాలను కలిపే గీతలతోనే) మొదలుపెడతాను. బొమ్మలు గీసి, కర్ణాలు లెక్కపెట్టి, పట్టిక వాళ్లే తయారు చేసుకోవాలి. సొంతంగా లెక్కపెట్టిన సంఖ్యల మీద వాళ్లకు నమ్మకం ఎక్కువ.

భుజాలు: 3, 4, 5, 6, 7
కర్ణాలు: 0, 2, 5, 9, 14

ముందుగా పై వరుస సమానంగా పెరుగుతోందో లేదో చూడండి. ఇక్కడ ఒక్కొక్కటి చొప్పున పెరుగుతోంది, మంచిది. కింది వరుసలో పక్కపక్క సంఖ్యల తేడాలు 2, 3, 4, 5. ఆ తేడాల మధ్య తేడాలు 1, 1, 1. ఈ రెండో తేడా మారడం లేదు కాబట్టి ఎ×ఎన్² + బి×ఎన్ + సి రూపం సరిపోతుంది. ఎన్ అంటే భుజాల సంఖ్య; ఎ, బి, సి మనం కనుక్కోవాల్సిన స్థిర సంఖ్యలు.

ఎ విలువ రెండో తేడాలో సగం. ఎందుకు సగమో పిల్లలు తప్పకుండా అడగాలి, అడగకపోతే నేనే అడుగుతాను. 1, 4, 9, 16 రాసి చూడండి: తేడాలు 3, 5, 7, రెండో తేడా 2. ఒక్క ఎన్² ఉంటేనే 2 వచ్చింది, మనకు 1 వచ్చింది, కాబట్టి ఎ = 1/2.

ఇక్కడ చాలామంది మూడు సమీకరణాలు రాసి టెన్షన్ పడతారు. అవసరం లేదు. ప్రతి కర్ణాల సంఖ్య నుంచి ఎన్²/2 తీసేయండి. 0 − 4.5 = −4.5, 2 − 8 = −6, 5 − 12.5 = −7.5. మిగిలింది అంకశ్రేఢి, అంటే ప్రతిసారీ ఒకే తేడాతో మారే వరుస; ఆ తేడా (పదాంతరం) −1.5. అదే బి. ఎన్ = 3 దగ్గర −1.5 × 3 = −4.5 సరిగ్గా వచ్చింది, అంటే సి = 0.

సూత్రం: ఎన్(ఎన్ − 3)/2.

నాకు ఈ ఉదాహరణ ఇష్టం కావడానికి కారణం, సూత్రం బొమ్మలోనే కనిపిస్తుంది. ఒక్కో శీర్షం నుంచి తనకూ, పక్కనున్న రెండింటికీ కర్ణం ఉండదు, మిగతా ఎన్ − 3 శీర్షాలకు ఉంటుంది. ప్రతి కర్ణాన్నీ రెండు చివర్ల నుంచీ లెక్కపెట్టాం కాబట్టి సగం చేయాలి.

పై వరుస రెండేసి చొప్పున పెరిగితే రెండో తేడాను 2తో కాక 8తో భాగించాలి. పట్టికలో మూడే జతలుంటే రెండో తేడా ఒక్కటే వస్తుంది, అది స్థిరమో కాదో తేలదు. నాలుగో జత కావాల్సిందే. ఇంకా అనుమానముంటే అష్టభుజి గీసి లెక్కపెట్టండి, 20 కర్ణాలు రావాలి.