విద్యుత్ క్షేత్రంతో కాంపోజిట్లలో ఫిల్లర్ కణాలను గొలుసులుగా అమర్చడం

రెసిన్‌లో (తరువాత గట్టిపడే జిగట ద్రవంలో) కలిపిన ఫిల్లర్ కణాలు, అంటే కాంపోజిట్ అనే మిశ్రమ పదార్థం కోసం వేసే పొడి రేణువులు, మామూలుగా ఎటు పడితే అటు చెదిరి ఉంటాయి. రెసిన్ ఇంకా ద్రవంగా ఉండగానే దాన్ని రెండు ఎలక్ట్రోడ్ల మధ్య ఉంచి విద్యుత్ క్షేత్రం పెడితే, ప్రతి కణమూ చిన్న ద్విధ్రువంగా (ఒక కొసన ధన, మరో కొసన రుణ ఆవేశంతో) మారి తన చుట్టూ ఉన్న క్షేత్రాన్ని వంచుతుంది. అలా వంగిన క్షేత్రంలోకి పక్క కణం లాగబడి, క్రమంగా క్షేత్రం దిశలో గొలుసులు ఏర్పడతాయి. అసమ క్షేత్రంలో కణాలు ఇలా కదలడానికి డైఎలక్ట్రోఫోరెసిస్ అన్న పేరును హెర్బర్ట్ పోల్ 1951లో పెట్టారు. రెసిన్ గట్టిపడ్డాక గొలుసులు అలాగే నిలిచిపోతాయి కాబట్టి, తక్కువ ఫిల్లర్‌తోనే ఒక దిశలో ఎక్కువ పర్మిటివిటీనో (క్షేత్రంలో విద్యుత్ శక్తిని నిల్వ చేసుకునే గుణం), వాహకతనో సాధించవచ్చు.

మొదటి ప్రయత్నానికి సిలికోన్ రబ్బరులో బేరియం టైటనేట్ పొడి అనువైనది, ఎందుకంటే రెండింటి పర్మిటివిటీల మధ్య తేడా చాలా పెద్దది. కణాలు కొన్ని మైక్రోమీటర్ల పరిమాణంలో ఉండటం మేలు: మరీ చిన్నవైతే ఉష్ణ చలనం గొలుసులను చెదరగొడుతుంది, మరీ పెద్దవైతే గొలుసు కట్టేలోపే అడుగుకు చేరతాయి. పొడిని 100 డిగ్రీల సెల్సియస్ పైన కొన్ని గంటలు ఆరబెట్టండి. తేమ మిగిలితే మిశ్రమంలో విద్యుత్ ప్రవాహం పెరిగి క్షేత్రం బలహీనపడుతుంది. ఘనపరిమాణంలో 5 నుంచి 10 శాతం కణాలు కలిపి, వాక్యూమ్‌లో గాలి బుడగలను పూర్తిగా తీసేయండి. ఈ పనిలో తొందరపడకూడదు, ఎందుకంటే మిగిలిన ఒక్క బుడగలో గాలి క్షేత్రానికి తట్టుకోలేక విద్యుత్ మెరుపు పుట్టినా నమూనా మొత్తం పాడవుతుంది.

ఎలక్ట్రోడ్ల మధ్య దూరం 1 మిల్లీమీటరు ఉంచి, 1 కిలోవోల్టు ఏసీతో ప్రారంభించండి. ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ నుంచి ఒకటి రెండు కిలోహెర్ట్జ్ వరకూ ఉండవచ్చు. డీసీ వాడితే విద్యుదావేశం ఉన్న కణాలు ఒకే ఎలక్ట్రోడ్ వైపు కొట్టుకుపోతాయి, అయాన్లు ఎలక్ట్రోడ్ల దగ్గర పేరుకుని లోపలి క్షేత్రాన్ని కప్పేస్తాయి. విద్యుత్తును బాగా ప్రసరింపజేసే అతి సన్నని కార్బన్ గొట్టాలైన కార్బన్ నానోట్యూబులను ఫిల్లర్‌గా వాడితే ఇంత క్షేత్రం అక్కర్లేదు. మిల్లీమీటరుకు కొన్ని పదుల వోల్టులు చాలు. వాటి గొలుసులు రెండు ఎలక్ట్రోడ్లనూ కలిపిన క్షణాన కరెంటు ఒక్కసారిగా ఎగబాకుతుంది కాబట్టి, సర్క్యూట్‌లో ఒక రెసిస్టరును వరుసగా పెట్టడం తప్పనిసరి.

చాలామంది వోల్టేజీ మీదే దృష్టి పెడతారు గాని, నా అభిప్రాయంలో అసలు చూసుకోవలసింది కాలం. గొలుసు కట్టే కాలం చిక్కదనానికి అనులోమంగానూ, క్షేత్రం వర్గానికి విలోమంగానూ ఉంటుంది: క్షేత్రం రెట్టింపైతే కాలం నాలుగో వంతుకు తగ్గుతుంది, చిక్కదనం పది రెట్లైతే కాలమూ పది రెట్లవుతుంది. అందుచేత మిశ్రమం పోసిన వెంటనే, అది పలుచగా ఉన్నప్పుడే క్షేత్రం ఇవ్వాలి. వేడి చేస్తే చిక్కదనం ముందు తగ్గుతుంది, కానీ గట్టిపడటమూ వేగమవుతుంది. ఈ రెండింటిలో ఏది గెలుస్తుందో ముందుగానే గాజు పలక మీద, పారదర్శక ఎలక్ట్రోడ్ల మధ్య ఒక చుక్క పెట్టి మైక్రోస్కోపులో చూసుకోవడం ఎంతో శ్రమను తప్పిస్తుంది. గొలుసులు కనిపించాయి గదా అని అప్పుడే క్షేత్రం తీసేయకండి. రెసిన్ జెల్‌గా మారేదాకా అది కొనసాగాలి, లేకుంటే బరువైన కణాలు మెల్లగా దిగిపోతాయి.

ప్రాణాపాయం కలిగించే వోల్టేజీ ఇది. పరిమిత కరెంటు ఇచ్చే సప్లైని మాత్రమే వాడండి. మూత తెరవగానే సప్లై ఆగిపోయే స్విచ్ అమర్చండి. ఆపిన తరువాత కూడా ఎలక్ట్రోడ్లను ఎర్త్ చేసి డిశ్చార్జ్ చేయకుండా ముట్టుకోవద్దు.

ఫలితాన్ని నిర్ధారించుకోవడానికి, అదే మిశ్రమాన్ని క్షేత్రం లేకుండా గట్టిపరచిన నమూనా ఒకటి తప్పక చేసి ఉంచుకోండి. రెండింటి మందం, వైశాల్యం సమానంగా ఉండేలా కోసి కెపాసిటెన్స్ (విద్యుదావేశాన్ని నిల్వ చేసే సామర్థ్యం) కొలిస్తే, గొలుసుల దిశలో కొలిచిన విలువ చెదిరిన నమూనా విలువ కన్నా స్పష్టంగా ఎక్కువ రావాలి. తేడా రాకపోతే వోల్టేజీ పెంచే ముందు నమూనాను కోసి అడుగుభాగం చూడండి; కణాలన్నీ అక్కడే పోగై కనిపిస్తే లోపం క్షేత్రంలో కాదు, అవి దిగిపోవడంలో ఉంది.