టీకింటర్ ప్రోగ్రాముకు సొంత పేరు పెట్టడం ఎలా?

మిర్యాలగూడలో ఒక రైసుమిల్లుకు పైథాన్‌లో రెండు చిన్న ప్రోగ్రాములు రాసిచ్చాను. ఒకటి లారీల్లో వచ్చే వడ్ల బస్తాల లెక్కకు, ఇంకోటి బయటికి పోయే బియ్యానికి. వారం తిరగకముందే గుమాస్తా ఫోన్ చేసిండు. "అన్నా, రెండిటి మీద టీకే అనే ఉంది. ఏది వడ్లదో, ఏది బియ్యందో ఎట్ల తెలవాలె? ఇయ్యాల దాంట్ల ఎక్కియ్యాల్సిన నలభై బస్తాలు దీంట్ల ఎక్కిచ్చిన." తప్పు అతనిది కాదు. పేరు పెట్టకుండా వదిలేసింది నేను.

పైథాన్‌లో కిటికీలు, బటన్లు చేసుకునే లైబ్రరీ టీకింటర్. దాని వెనక ఉన్నది టీకే. జాన్ ఔస్టర్‌హౌట్ తన టీసీఎల్ భాష కోసం చేసిన కిటికీల సరంజామా అది. మనం పేరు చెప్పకపోతే తన పేరే పెట్టేస్తుంది. పైగా ఇక్కడ పేరు ఒకటి కాదు, మూడు: మనిషి చదివేది, డెస్క్‌టాప్ గుర్తుపట్టేది, పక్క ప్రోగ్రాములు పిలిచేది. కింద కోడ్‌ను పలికినట్టు రాస్తున్నాను, మీరు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.

మొదట మనిషి చదివే పేరు. ఇది తేలిక. రూట్ అంటే ప్రోగ్రాము మొదటి కిటికీకి మనం పెట్టుకున్న పేరు. రూట్.టైటిల్ అని రాసి, బ్రాకెట్లో కొటేషన్ల మధ్య "వడ్ల లెక్క" అని ఇవ్వండి. ఇది తెలుగులోనే ఉండనివ్వండి, చదివేది మన గుమాస్తాలే కదా. ప్రోగ్రాము నడుస్తుండగా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు.

రెండోది క్లాస్ పేరు. చాలామంది దీని జోలికే పోరు, కానీ లినక్స్‌లో అసలు పని దీనిదే. దీన్ని కిటికీ పుట్టేటప్పుడే చెప్పాలి, తర్వాత మార్చడం కుదరదు. రూట్ = టీకే(క్లాస్‌నేమ్="వడ్లు") అని రాయండి. క్లాస్‌నేమ్‌లో ఎన్ ఒక్కటే పెద్దక్షరం, మధ్యలో ఖాళీ రాదు. వడ్లు అన్నది ఇంగ్లీషు చిన్నక్షరాల్లో రాస్తే చాలు, క్లాస్ కోసం మొదటి అక్షరాన్ని టీకేనే పెద్దది చేసుకుంటుంది. మెనూ కోసం డెస్క్‌టాప్ ఫైలు రాసుకుంటే, అందులో స్టార్టప్‌డబ్ల్యూఎంక్లాస్ వరుసలో పెద్దక్షరంతో మొదలయ్యే ఆ రూపమే ఇవ్వండి. లేకుంటే కిటికీ మీ ఐకాన్ కిందికి చేరదు. సరిపోయిందో లేదో చూడాలంటే టెర్మినల్లో ఎక్స్‌ప్రాప్ అని కొట్టి కిటికీ మీద నొక్కండి, డబ్ల్యూఎం క్లాస్ అన్న వరుసలో రెండు రూపాలూ కనిపిస్తాయి.

ఒక చిక్కుంది. టాప్‌లెవెల్‌తో తెరిచే అదనపు కిటికీలకు ఈ పేరు దానంతటదే రాదు, అవి టాప్‌లెవెల్ అన్న క్లాస్‌తోనే పుడతాయి. వాటికీ క్లాస్ విడిగా ఇవ్వాలి. క్లాస్ అన్న మాట పైథాన్‌ది కాబట్టి చివర అండర్‌స్కోర్ పెట్టాలి.

మూడోది యాప్‌నేమ్, అంటే పక్క ప్రోగ్రాములు పిలిచే పేరు. రూట్.టీకే.కాల్("టీకే", "యాప్‌నేమ్") అంటే ఇప్పుడున్న పేరు చెబుతుంది, మూడో మాటగా ఇంకో పేరిస్తే మారుస్తుంది. పెద్దక్షరంతో మాత్రం మొదలుపెట్టకండి. పెద్దక్షరాన్ని టీకే క్లాస్ కింద లెక్కేస్తుంది, దాంతో రంగులు, ఫాంట్ల సెట్టింగులు దొరక్కుండా పోవచ్చు. లినక్స్‌లో అదే పేరుతో ఇంకో కాపీ నడుస్తుంటే వెనకాల #2 చేరుతుంది. నా ల్యాప్‌టాప్‌లో నేను దీన్నే వాడుకుంటున్నా: ప్రోగ్రాము మొదలవగానే పేరు చూసి, #2 ఉంటే "ఇది ముందే తెరిచి ఉంది" అని చెప్పి ఆపేస్తా. ఒకే లారీని రెండుసార్లు ఎక్కించే ప్రమాదం తప్పుతుంది.

మాక్‌లో మెనూ పట్టీ మీది పేరు వీటితో మారదు, దానికి ప్రోగ్రామును యాప్‌గా కట్టాల్సిందే.

మిల్లులో ఉన్నది విండోస్. అక్కడ టైటిల్ మార్చినా టాస్క్‌బార్‌లో రెండూ పైథాన్ బొమ్మ కిందే గుంపుగా చేరాయి. పైథాన్ నుంచి విండోస్ సొంత ఫంక్షన్లను పిలిచే సీటైప్స్ మాడ్యూల్‌తో, విండోస్ లైబ్రరీ షెల్32లోని సెట్‌కరెంట్‌ప్రాసెస్‌ఎక్స్‌ప్లిసిట్‌యాప్‌యూజర్‌మోడల్‌ఐడీని పిలిచి, ఒక్కో ప్రోగ్రాముకు ఒక్కో ఐడీ ఇచ్చాను. కిటికీ తయారుకాకముందే ఈ పని జరగాలి. ఆపైన ఐకాన్‌బిట్‌మ్యాప్‌తో వడ్లదానికి పచ్చ గుర్తు, బియ్యందానికి తెల్ల గుర్తు పెట్టాను. ఇప్పుడు గుమాస్తాకు టాస్క్‌బార్‌లో రెండూ వేరువేరుగా కనబడుతున్నాయి.