పెళ్లికి పార్లర్ డేట్లు ఎలా వేసుకోవాలి: నలుగు, మంగళస్నానం లెక్కలో పెట్టుకుని

పార్లర్ వాళ్ళు ఇచ్చే బ్రైడల్ ప్యాకేజీ లిస్టులో ఫేషియల్స్ ఎన్ని, వ్యాక్సింగ్ ఎన్నిసార్లు, హెయిర్ స్పా ఉందా లేదా అన్నీ ఉంటాయి గానీ పెళ్లికూతుర్ని చేసేది ఎప్పుడు, మంగళస్నానం ఎప్పుడు అనేది ఎక్కడా ఉండదు. తేడా కొట్టేది అక్కడే. అందుకే అడ్వాన్స్ కట్టకముందే అమ్మనో పిన్నినో కూర్చోబెట్టి ఏ తంతు ఏ రోజో ఒక కాగితం మీద రాయించుకోండి, ముహూర్తం పొద్దున పదింటికా తెల్లవారుజామున రెండున్నరకా అనేది కూడా, పార్లర్ డేట్లు ఆ తర్వాతే.

ముందు జుట్టు సంగతి, ఎందుకంటే ఎక్కువ డబ్బులు పోయేది దీనికే. జుట్టుని తిన్నగా, నున్నగా చేసే స్మూతెనింగ్ అయినా కెరటిన్ అయినా కనీసం నెల ముందు చేయించుకోండి. చేయించాక మూడు రోజులు తల తడపొద్దు, జడ వేయొద్దు, క్లిప్ పెట్టొద్దు అంటారు, ఆ తర్వాత కూడా సల్ఫేట్ లేని షాంపూనే వాడమంటారు, మన మంగళస్నానం ఏమో మాడుకి నూనె దట్టించి కుంకుడుకాయ రసంతో తలంటు. పెళ్లి వారంలో కెరటిన్ పెట్టుకుంటే ఈ రెండూ ఎలా కుదురుతాయి చెప్పండి. పైగా స్మూతెనింగ్, కెరటిన్ రెండూ ఒకటే అన్నట్టు మాట్లాడతారు గానీ కాదు. స్మూతెనింగ్‌లో వెంట్రుక లోపలి బంధాలని కెమికల్‌తో తెంచి ఐరన్ చేసి మళ్ళీ అతికిస్తారు, చేసినంత మేర మళ్ళీ పాత జుట్టు రాదు, కొత్తగా నెలకి ఒక సెంటీమీటర్ చొప్పున పెరిగేది మాత్రం మీ మామూలు జుట్టే. కెరటిన్ పై పూతలాంటిది, మూడు నాలుగు నెలల్లో పోతుంది. ఏది చేసినా బాటిల్ చూపించమని అడగండి, మొహమాటం వద్దు. ఐరన్ పెట్టేటప్పుడు కళ్ళు మండి ముక్కు ఘాటెక్కుతోందంటే ఫార్మాల్డిహైడ్ వస్తున్నట్టే అనుకోండి, అది క్యాన్సర్ కారకాల లిస్టులో ఉన్న పదార్థం. ‘అది లేదు’ అని చెప్పే వాటిలో కొన్నింట్లో గ్లైఆక్సిలిక్ యాసిడ్ ఉంటుంది, దానితో కిడ్నీలు దెబ్బతిన్న కేసులు డాక్టర్లు 2024లో కూడా రిపోర్ట్ చేశారు.

ఇంకో మాట, పూలజడ వేయించుకునేవాళ్ళు మరీ పట్టులా జారే జుట్టు చేయించుకోకండి, సవరం నిలవదు, పిన్నులు జారిపోతాయి. నన్నడిగితే పూలజడ ఫిక్స్ అయిన పెళ్లికి స్మూతెనింగ్ దండగే, అసలు ఆ జుట్టు కనిపించేదెక్కడ!

తలకి ప్యాకెట్ మెహందీ పెట్టే అలవాటుంటే అది కలర్ వేసే ముందు చెప్పాలి, నల్ల మెహందీ పేరుతో అమ్మేవాటిలో చాలావరకు డై కలిపే ఉంటుంది, దానిమీద బ్లీచ్ పడితే రంగు ఎటు తిరుగుతుందో చెప్పలేం. కలర్ ఏదైనా రెండు రోజుల ముందు మోచేతి లోపలివైపు కాస్త రాసి చూడండి, దురద రాకపోతే అప్పుడు తలకి.

మొహానికి పెద్దగా చెప్పేదేం లేదు. చివరి ఫేషియల్ వారం ముందు, అదీ ఇంతకుముందు పడిన ఫేషియల్ మాత్రమే, ఫ్రీగా వేస్తాం అన్నారని కొత్త పీల్ (కెమికల్‌తో చర్మం పైపొర ఊడదీసేది) ఒప్పుకోవద్దు. రెటినాల్ (మొటిమలకి, ముడతలకి రాసే విటమిన్ ఎ రకం క్రీమ్) రాసేవాళ్ళు త్రెడ్డింగ్‌కీ వ్యాక్సింగ్‌కీ వారం ముందే ఆపేయండి, లేకపోతే వెంట్రుకతో పాటు తోలు లేస్తుంది.

ఇప్పుడు అసలు చిక్కు, వ్యాక్సింగ్, నలుగు, మెహందీ, గోళ్ళు, ఈ నాలుగింటి వరస. వ్యాక్సింగ్ అన్నిటికంటే ముందు, నలుగుకి కనీసం ఒకటి రెండు రోజులు గ్యాప్ ఉండాలి, అప్పుడే వ్యాక్స్ చేసిన చేతులమీద శనగపిండి పసుపు పెట్టి అత్తలూ వదినలూ రుద్దుతుంటే మంట మామూలుగా ఉండదు. మెహందీ పెట్టాక వ్యాక్సింగ్ అస్సలు వద్దు, మెహందీ పండేది చర్మం పైపొరలోనే, ఆ పొర వ్యాక్స్‌తో లేచి వచ్చేస్తుంది. అలాగే నలుగు నూనె వదలకుండా కోన్ పట్టుకుంటే రంగు ఎక్కదు, చేతులు సబ్బుతో బాగా కడిగి ఆరాకే పెట్టించుకోండి. పెళ్లికి రెండు రోజుల ముందు పెడితే సరిగ్గా సరిపోతుంది, తీయగానే నారింజ రంగులో ఉండి ఒకటి రెండు రోజులకి ముదురుతుంది. పది నిమిషాల్లో నల్లగా పండే కోన్ అంటే దాంట్లో కెమికల్ ఉన్నట్టే, ఆకు మాత్రం అంత తొందరగా పండదు.

హల్దీకి ముందు మొహానికి పల్చగా కొబ్బరినూనె రాసుకుంటే పసుపు మరీ అంటుకోదు. అంటుకుంటే సబ్బుతో తోమకండి, పసుపు సబ్బు తగిలితే ఎర్రబడుతుంది, నూనె రాసి మెత్తటి గుడ్డతో తుడిచేయండి.

గోళ్ళు అన్నిటికంటే చివర, పెళ్లి ముందు రోజు. జెల్ నెయిల్ పాలిష్ ముందే వేయించుకుంటే లేత రంగులన్నీ పసుపుకి పచ్చబడతాయి, మెహందీ కూడా గోళ్ళకి పట్టేస్తుంది. పొడుగు ఎక్స్‌టెన్షన్స్ మీ ఇష్టం కానీ జీలకర్ర బెల్లం పెట్టేది ఆ చేత్తోనే, తలంబ్రాలు పోసేది ఆ చేత్తోనే, విందులో పప్పన్నం కలుపుకునేదీ ఆ చేత్తోనే, కాబట్టి కాస్త పొట్టిగానే ఉంచుకోండి. పెళ్లయ్యాక జెల్ పాలిష్ ఇంట్లో పీక్కోవద్దు, గోరు పొర ఊడొస్తుంది, అసిటోన్‌లో ముంచిన దూది చుట్టి పది పదిహేను నిమిషాలు ఉంచితే మెత్తబడుతుంది. పెడిక్యూర్‌లో గోటి చుట్టూ చర్మం లోతుగా కత్తిరించనివ్వకండి, మర్నాడు మెట్టెలు తొడుగుతారు, నొప్పెడుతుంది.

మేకప్ ఆర్టిస్ట్‌కి ముహూర్తం టైమ్ ఒక్కటే చెప్తే సరిపోదు, గౌరీపూజకి ఎన్నింటికి కూర్చోవాలో చెప్పండి, అక్కడినుంచి వెనక్కి మూడు గంటలు లెక్కేసుకోవాలి. హోమం పొగకి కళ్ళు కారతాయి కాబట్టి కాటుక, మస్కారా వాటర్‌ప్రూఫ్‌వే అడగండి. మొహానికి తెల్లగా పూతలా నిలిచే సన్‌స్క్రీన్ రాత్రి పెళ్లికి వద్దు, ఫ్లాష్ పడితే ఫోటోల్లో మొహం పాలిపోయినట్టు వస్తుంది. పాపిడి బిళ్ళ పెట్టేటప్పుడే నడినెత్తి మీద జీలకర్ర బెల్లానికి చోటు వదలమనండి, మన తంతు తెలియని ఆర్టిస్టులు అక్కడే పఫ్ లేపి స్ప్రే కొట్టేస్తారు. పెళ్లయ్యాక ఆ ముద్ద ఎండిపోయి గట్టిపడుతుంది, దువ్వెన పెట్టి లాగకుండా ముందు గోరువెచ్చని నీళ్ళు పోసి బెల్లం కరగనివ్వండి, స్ప్రే జిగురుకి కొబ్బరినూనె రాసి అరగంట ఆగి చిక్కు తీసుకుంటే చాలు.