సాకేకి ఎండ దెబ్బ

క్యోటోలో, ఫుషిమి దగ్గర మాదో చిన్న సాకే (బియ్యంతో చేసే జపాన్ మద్యం) కొట్టు. వెనకాల ఆరుగురు కూర్చునే టేస్టింగ్ బార్. ఒక వేసవిలో మా పాత కస్టమర్ పెద్దాయన గ్లాసు ముక్కు దాకా తెచ్చుకుని, చుక్కైనా తాగకుండా కింద పెట్టేశారు. నేనూ వాసన చూశాను. జంతువు ఒంటి కంపు!

ముందు ఫ్రిజ్‌నే అనుమానించాను. లోపల 5 డిగ్రీలే ఉంది. టెన్షన్‌తో ఒక్కో సీసా తీసి చూస్తే, పాడైనవన్నీ ముందు వరసలోని తెల్ల గాజువి. వెనక వరస గోధుమరంగు సీసాల్లో అదే సాకే శుభ్రంగా ఉంది. అప్పుడర్థమైంది, చలి సరిపోయింది, దెబ్బ కొట్టింది వెలుతురు. సాయంత్రం ఎండ నేరుగా ఫ్రిజ్ అద్దం మీదే పడుతోంది. జపాన్‌లో ఈ కంపుకి ‘నిక్కోషూ’ అని పేరే ఉంది, అంటే ఎండ వాసన.

పాడైనవి పారబోశాను (ప్రాణం ఉసూరుమంది). అద్దానికి యూవీ ఫిల్మ్ వేయించి, తెల్ల సీసాలన్నిటికీ న్యూస్‌పేపర్ చుట్టాను. లేబుల్ కనబడదు కాబట్టి మెడకో చీటీ కట్టాను. చూడ్డానికి పచారీ కొట్టులా ఉంది, ఉండనీ.

పెద్దాయన మళ్లీ వచ్చారు. గ్లాసు ఖాళీ చేసి, సీసాకి చుట్టిన పేపర్లో పాత బేస్‌బాల్ స్కోర్లు చదువుతూ కూర్చున్నారు.