తుపాను రాకముందే టార్చ్ సెల్స్ సంగతి చూసుకోండి

అక్టోబరు వచ్చిందంటే మన వైజాగ్‌లో చాలామందికి హుద్‌హుద్ గుర్తొస్తుంది. 2014 అక్టోబరు 12, ఆదివారం. మా వీధికి కరెంటు తిరిగి రావడానికి ఐదు రోజులు పట్టింది. కూలిన చెట్ల మధ్య నుంచి నీళ్ల బిందెలు మోసుకొస్తుంటే, ఇంట్లో ఉన్న ఒక్క టార్చ్ రెండో రాత్రికే చేతులెత్తేసింది. ఆ తర్వాత పెద్ద వెలుగున్న టార్చ్ కొన్నాను గానీ, అందులో వేసే, మళ్లీ మళ్లీ ఛార్జ్ చేసుకునే లిథియం సెల్స్ దగ్గర బాగానే మోసపోయాను. వాయుగుండం వార్త వచ్చాక షాపుకెళ్తే ఉన్నదేదో అంటగడతారు, అందుకే కొనేదేదో ఇప్పుడే చూసి కొనుక్కోండి.

వీటిలో ఎక్కువగా దొరికేది 18650 అనే సైజు. అంటే 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు. ఈ సైజులో పేరున్న కంపెనీల సెల్స్‌కి కూడా కెపాసిటీ, అంటే ఎంత ఛార్జ్ పడుతుందన్నది, మహా అయితే 3500 ఎంఏహెచ్ చుట్టుపక్కలే ఉంటుంది. నేను కొన్నదాని మీద 9900 అని రాసుంది! పది నిమిషాలకే వెలుగు తగ్గిపోతుంటే అనుమానమొచ్చి, కురుపాం మార్కెట్‌లో బంగారం పని చేసే మా చిన్నాన్న దగ్గరికి పట్టుకెళ్లి ఆయన తూకం మీద పెట్టాను. 29 గ్రాములు. అసలుది 45 నుంచి 50 గ్రాముల మధ్య తూగాలి. "ఇందులో ఊక కూరారేటిరా" అని ఒకటే నవ్వు ఆయన. అలాగని బరువు సరిపోతే చాలనుకోకండి, పాత ల్యాప్‌టాప్‌లలోంచి ఊడదీసి కొత్త తొడుగు వేసి అమ్మేవి కూడా అంతే తూగుతాయి.

ఎంఏహెచ్ సంగతి తేలినా, సెల్ ఒకేసారి ఎన్ని ఆంప్స్ కరెంటు ఇవ్వగలదన్నది అంతకంటే ముఖ్యం, చాలామంది చూడనిదీ అదే. టార్చ్ వెలుగుని ల్యూమెన్స్‌లో కొలుస్తారు, సుమారుగా 1000 ల్యూమెన్స్‌కి 10 వాట్లు కావాలి, అంటే 3.6 వోల్టుల సెల్ నుంచి దాదాపు 3 ఆంప్స్. నిజంగా 3000 ల్యూమెన్స్ ఇచ్చే టార్చ్ ఒక్క సెల్ మీద నడిస్తే 8 ఆంప్స్ దాటి లాగుతుంది. అంత ఇవ్వలేని సెల్ వేస్తే వోల్టేజ్ పడిపోతుంది, సెల్ విపరీతంగా వేడెక్కుతుంది. కెపాసిటీ కాస్త తక్కువైనా ఆంప్స్ ఎక్కువున్నవి ఇలాంటివాటికి మేలు. ఉదాహరణకి శాంసంగ్ 30క్యూ కెపాసిటీ 3000 ఎంఏహెచ్చే, కానీ ఆగకుండా 15 ఆంప్స్ ఇస్తుంది. అయితే ఇలాంటి విడి సెల్స్‌ని మామూలు జనానికి అమ్మకూడదని ఆ కంపెనీలే చెప్తాయి, అవి ప్యాక్‌లు తయారుచేసేవాళ్ల కోసం. నన్నడిగితే, ఇంటి వాడకానికి టార్చ్ కంపెనీ తన పేరుతో ఇచ్చే బ్యాటరీయే తీసుకోండి, షార్ట్ అయినా, ఛార్జింగ్ మితిమీరినా కరెంటు ఆపేసే ప్రొటెక్షన్ సర్క్యూట్ ఉన్నదైతే ఇంకా మంచిది. సర్క్యూట్ వల్ల సెల్ పొడవు మూడు నాలుగు మిల్లీమీటర్లు పెరుగుతుంది కాబట్టి మీ టార్చ్‌లో పడుతుందో లేదో షాపులోనే పెట్టి చూడండి. బ్యాటరీ మీద ఐఎస్ 16046 అనే భద్రతా ప్రమాణం గుర్తు, దాంతోపాటు ఆర్ అక్షరంతో మొదలయ్యే బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) నంబరు ఉన్నాయేమో కూడా చూడండి.

రెండు సెల్స్ వరసగా పడే టార్చ్‌లో పాతదీ కొత్తదీ కలిపి వేయకండి. నీరసంగా ఉన్నది ముందు ఖాళీ అయిపోతే, రెండోది దానిలోంచి కరెంటు బలవంతంగా తోస్తుంది. గట్టిగా బిగించిన లోహపు గొట్టంలో గ్యాస్ పుడితే దానికి బయటికి దారెక్కడ? దీపావళి సామాను చూసినవాళ్లకి అంతకంటే చెప్పక్కర్లేదు.

ఇంకోటి, సెల్ ఒళ్లంతా మైనస్సే. ప్లస్ పక్కన ఉండే ఆ పల్చటి ప్లాస్టిక్ తొడుగు గోరంత చిరిగినా షార్ట్ అయ్యే ప్రమాదముంది. బండి తాళాలు, చిల్లర ఉన్న జేబులో విడి సెల్ వేసుకోవద్దు, చిన్న ప్లాస్టిక్ డబ్బా కొనుక్కోండి. బీచ్ రోడ్డులో ఎండకి ఆపిన కారులో కూడా వదిలేయకండి.

ఛార్జింగ్ 4.2 వోల్టుల దగ్గర తనంతట తానే ఆపేసే ఛార్జరే వాడండి. పరుపు మీద కాదు, గచ్చు మీద, మీరు మెలకువగా ఉన్నప్పుడు. వాడని రోజుల్లో సగం ఛార్జింగ్‌తో ఉంచి, తుపాను హెచ్చరిక వినగానే కరెంటు పోకముందే ఫుల్ చేసుకోండి.

వాన నీళ్లలోనో ఉప్పు నీళ్లలోనో మునిగిన సెల్‌ని మాత్రం ఎండబెట్టి మళ్లీ ఛార్జింగ్ పెట్టే పని చేయొద్దు. ఛార్జింగ్‌లో చెయ్యి పెట్టలేనంత వేడెక్కినా, బుస్సుమన్నా, తియ్యటి ఘాటు వాసన వచ్చినా ప్లగ్ తీసేసి దూరంగా జరగండి. పాడైనవాటి రెండు చివర్లకీ టేపు చుట్టి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇవ్వండి, చెత్త బండిలో వేయొద్దు.